కూడికలు తిని బతికే కుక్కపిల్ల

మా మరిది కూతురు రెండో తరగతి. కూడికలు, తీసివేతలు నేర్పే యాప్ ఒకటి వాళ్ళ నాన్న ఫోన్లో ఉంది. దాని పేరు నేను చెప్పను, అట్లాంటివి వందున్నాయి. అందులో ఒక గోధుమరంగు కుక్కపిల్ల. పాప లెక్క చేస్తే ఎముక వస్తుంది, ఎముక వేస్తే కుక్కపిల్ల తోక ఊపుతుంది. చెయ్యకపోతే దాని పొట్ట లోపలికి పోతుంది.

మొన్న ఆళ్లగడ్డలో పెళ్ళికి పోయి, అటునించి అటే అహోబిలం దర్శనం చేసుకుని మూడు రోజులకు వెలుగోడు చేరినాం. ఫోను మరిది దగ్గరే ఉండిపోయింది. ఇంటికి రాగానే పాప చెప్పులు కూడా విప్పకుండా ఫోన్ తీసింది. కుక్కపిల్ల ఖాళీ గిన్నె పక్కన పడుకుని ఉంది. కళ్ళ కింద రెండు నీలం చుక్కలు. "పెద్దమ్మా, నా వల్లనే, నా వల్లనే" అని ఏడుపు. అన్నం తినమంటే తినదు. కుక్క తినకుండా తనెట్ల తింటుంది?

తినకుండానే కూర్చుని ఇరవై నిమిషాల్లో నలభై లెక్కలు చేసింది. మా తోడికోడలు మురిసిపోయింది. నేను పక్కన కూర్చుని చూశాను. రెండూ ఒకటి మూడు. నాలుగూ ఒకటి అయిదు. అన్నీ మొదటి మెట్టు లెక్కలే. ఎనిమిదీ ఏడూ లాంటి లెక్క వస్తే వెనక్కి పోయి మళ్ళీ మొదటి మెట్టు తెరుస్తుంది. "అదేంది?" అంటే, "కష్టం లెక్కకీ ఒక ఎముకే, సులువు లెక్కకీ ఒక ఎముకే పెద్దమ్మా" అనింది. ఆ జవాబులో నాకు తప్పేమీ కనపడలేదు. ఆకలితో ఉన్న పసిదాని ముందు నేను కూడా ముందు అన్నమే కలుపుతాను గానీ చుక్కల ముగ్గు పెడుతూ కూర్చోను.

కానీ ఆ పిల్ల లెక్కలు నేర్చుకుంటున్నట్టా, కుక్కను సాకుతున్నట్టా? ఈ అనుమానం వచ్చిన దగ్గరనించి, పిల్లల పలక పక్కకు ఈ జంతువు ఎట్ల వచ్చి కూర్చుంది అని రాత్రిళ్ళు వంటిల్లు సర్దుకున్నాక చదవడం మొదలుపెట్టాను. చదివిందీ, నాకు తోచిందీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

పిల్లలకు చదువు చెప్పడానికి జంతువును పిలవడం మనకు కొత్త కాదు. విష్ణుశర్మ మొద్దు రాకుమారులకు కాకినీ, ఎలుకనీ, తాబేలునీ పెట్టే నీతి చెప్పినాడు. చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక అచ్చు వేయించినాక మిత్రలాభం, మిత్రభేదం తెలుగు పిల్లల నోళ్ళలోకి పోయినాయి. బి.ఏ.లో మాకు హిరణ్యకుడు, చిత్రగ్రీవుడు అంటే పరీక్ష మార్కులే అనుకోండి, అది వేరే సంగతి. ఇంకా దగ్గరి మాట చెప్పాలంటే మా నంద్యాలదే ఉంది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చినాడు. అందులో సాక్షాత్తూ సరస్వతీదేవి దగ్గర ఒక చిలుక. బ్రహ్మ ఏకాంతంలో చెప్పిన కథను వినేసి, శాపం తగిలి భూమ్మీద పుడుతుంది. చదువుల తల్లికే పెంపుడు చిలుక ఉన్నప్పుడు రెండో తరగతి పిల్లకు కుక్కపిల్ల ఉంటే తప్పా అని నవ్వుకున్నాను.

తేడా ఒకటుంది. పంచతంత్రంలో ఎలుక మనల్ని అన్నం అడగదు. పుస్తకం మూసేసి మూడు రోజులు ఊరికి పోయినా చిత్రగ్రీవుడు చిక్కిపోడు. మన కథల్లో జంతువు చెబుతుంది, పిల్ల వింటుంది. పిల్ల దానికి బాకీ పడదు. ఈ బాకీ ఎప్పుడు మొదలయిందా అన్నదే నేను వెతికింది.

కంప్యూటర్ పక్కకు మొదట వచ్చిన జంతువు తాబేలు. 1967లో అమెరికాలో సేమూర్ పాపర్ట్, వాలీ ఫర్జిగ్, సింథియా సోలమన్ వీళ్ళంతా కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేసినారు. కొన్నాళ్ళకు దానికి నేల మీద పాకే ఒక యంత్రం తాబేలు తోడయింది, ఆ తర్వాత అదే తెర మీద చిన్న త్రికోణంగా మిగిలింది. ఇంగ్లీష్ మీడియం బడుల్లో మూడు, నాలుగు తరగతుల కంప్యూటర్ పుస్తకాలు తిరగేస్తే మీకూ కనపడవచ్చు. ముందుకు యాభై, కుడికి తొంభై అని నాలుగుసార్లు చెప్తే అది నడిచి చతురస్రం గీస్తుంది. ఆ తాబేలుకు ఆకలి లేదు, అలక లేదు. పిల్ల చెప్పినట్టు చేస్తుంది, తప్పు చెప్తే తప్పుగా పోతుంది. పిల్ల తాబేలుకు నేర్పుతూ తాను నేర్చుకోవాలి అన్నది పాపర్ట్ ఆలోచన. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

తర్వాత కుందేలు. టీచర్‌గా పనిచేసిన ఆన్ మెక్‌కార్మిక్ అనే ఆవిడ 1980లో ద లెర్నింగ్ కంపెనీ పెట్టింది. వాళ్ళ రీడర్ రాబిట్ 1980ల మధ్యనుంచీ అమెరికా పిల్లలకు అక్షరాలు చెప్పింది. మంచి కుందేలు. అదీ అన్నం అడగలేదు.

అన్నం అడిగింది కోడిగుడ్డు! 1996 నవంబర్ 23న జపాన్‌లో బందాయ్ కంపెనీ తమగోచి అనే బొమ్మ అమ్మకానికి పెట్టింది. తమగో అంటే వాళ్ళ భాషలో గుడ్డు. దానికి వాచ్ అన్న మాట కలిపి ఆ పేరు. తాళంచెవుల గుత్తికి తగిలించుకునేంత గుడ్డు, అందులో చిన్న తెర, మూడు మీటలు. వెల 1,980 యెన్లు. విజ్ అనే కంపెనీలోని అకిహిరో యొకోయి, బందాయ్‌లో పనిచేసే అకి మైతా అనే ఆవిడ కలిసి చేసినారు. తెరలో గుడ్డు పగిలి ఒక పిల్ల పుడుతుంది. దానికి అన్నం పెట్టాలి, ఆడించాలి, దొడ్డికి పోతే తుడవాలి, జబ్బు చేస్తే మందు వెయ్యాలి, రాత్రి దీపం ఆర్పాలి. మరిచిపోతే చచ్చిపోతుంది. జపాన్‌లో అమ్మిన దాంట్లో సమాధి రాయి కనపడేది. అమెరికాకు పంపినదాంట్లో మాత్రం రెక్కలు కట్టి దేవదూతను చేసినారు. పిల్లలకు చావు ఎంతవరకు చూపించాలి అన్నదాంట్లో ఒక్కొక్క దేశానిది ఒక్కొక్క లెక్క!

రెండు మూడేళ్ళలో కోట్ల గుడ్లు అమ్ముడుపోయినాయి. పిల్లలు బడికి తీసుకుపోయి పాఠం మధ్యలో అన్నాలు పెడుతుంటే చాలా చోట్ల బడులు వాటిని నిషేధించినాయి. అమ్మలు ఆఫీసులకు తీసుకుపోయి సాకినారని చదివి నాకు నవ్వు ఆగలేదు. ఎక్కడయినా చివరికి చాకిరీ అమ్మమీదే పడుతుంది కదా. 1997లో యొకోయికీ మైతాకీ అర్థశాస్త్రంలో ఇగ్ నోబెల్ అని వేళాకోళపు బహుమతి ఇచ్చినారు, జనం పని గంటలు లక్షలకు లక్షలు ఉత్తుత్తి జంతువుల పెంపకంలోకి మళ్ళించినందుకు.

దాని లోపల ఉన్నది తెలుసుకుంటే ఇంకా ఆశ్చర్యం. ఆకలికి నాలుగు గుండె గుర్తులు, సంతోషానికి నాలుగు. లోపలి గడియారం నడిచే కొద్దీ గుండెలు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. అన్నం మీట నొక్కితే ఒకటి నిండుతుంది. ఇంతే. ఒక అంకె తగ్గడం, ఒక అంకె పెరగడం. దానికి మన మనసు తగులుకునేది అందం చూసి కాదు, తెరలోది నల్ల చుక్కల ముద్ద, అందమేముంది? అది మనమీద ఆధారపడటం వల్ల. షెర్రీ టర్కిల్ అనే ప్రొఫెసర్ ఎన్నో ఏళ్ళు పిల్లలతో మాట్లాడి ఇదే రాసింది. ఇది బతికి ఉందా లేదా అని పిల్లలు తల బద్దలు కొట్టుకోరంట. ఈ పనికి సరిపడా బతికి ఉంది అంటారంట. దేన్ని సాకుతామో దాన్ని ప్రేమిస్తాం అన్నది ఆవిడ పట్టుకున్న సూత్రం. పురిటి మంచం దిగిన ఏ ఆడదాన్ని అడిగినా చెప్పేది గానీ, పరిశోధన అంటే పరిశోధనే.

ఈ కిటుకు తెలిసినాక వ్యాపారం ఊరుకుంటుందా. 1999లో నియోపెట్స్ వచ్చింది, డోనా విలియమ్స్, ఆడమ్ పావెల్ పెట్టినది. అందులో జంతువులు ఆకలికి నకనకలాడతాయి గానీ చావవు. 2005లో గాంజ్ అనే కెనడా కంపెనీ వెబ్‌కింజ్ తెచ్చింది. మెత్తటి గుడ్డబొమ్మ కొంటే దాని మెడలో ఒక కోడ్, ఆ కోడ్ కొడితే కంప్యూటర్లో అదే జంతువు. మొదట్లో ఏడాదిలోపు ఇంకో బొమ్మ కొనకపోతే ఖాతా మూతపడేది. పిల్ల ప్రేమకు ఏడాది గడువు పెట్టిన మహానుభావులు! 2010లో స్లొవేనియా దేశంవాళ్ళు టాకింగ్ టామ్ పిల్లిని ఫోన్లలోకి వదిలినారు. మనం అన్న మాట సన్నగొంతుతో తిరిగి అనే ఆ పిల్లి మన పల్లెల్లో కూడా అన్నం తినిపించే ఆయుధం అయింది. 2013లో దాన్నే మై టాకింగ్ టామ్ చేసి, ఆకలీ నిద్రా పెట్టినారు. తమగోచి గుడ్డు మళ్ళీ పొదిగినట్టే.

చదువువాళ్ళు ఈ గుడ్డును చూసి వేరేగా ఆలోచించినారు. ఇంత ప్రేమ ఉంది కదా, దీన్ని పుస్తకం వైపు తిప్పితే? తైవాన్‌లో నేషనల్ సెంట్రల్ యూనివర్సిటీలో జి-హోంగ్ చెన్, ఆయన తోటివాళ్ళు మై-పెట్, అవర్-పెట్ అని చేసి 2007లో వాటి గురించి రాసినారు. వాళ్ళ జంతువు కేవలం ముద్దుకు కాదు. పిల్లకు ఏం వచ్చు, ఏం రాదు అన్నది ఆ జంతువులో కనపడుతుంది. ప్రోగ్రెస్ కార్డును తోక ఊపేలా చేసినారు అనుకోండి. రెండోది అవర్-పెట్, అంటే అందరిదీ కలిపి ఒకే జంతువు. ఒకరు వెనకబడితే మిగిలినవాళ్ళు చెప్పించాలి. ఇది నాకు బాగా నచ్చింది. మా చిన్నప్పుడు ఎక్కాలు రానివాడిని ముందు బెంచీ పిల్లలే పట్టుకుని వల్లె వేయించేవాళ్ళం, సారు రాకముందే.

ఇంక మా పాప చేసిన పనికి వద్దాం. సులువు లెక్కలతో ఎముకలు పోగేయడం. ఇది తెలివి మీరిన మా వెలుగోడు పిల్ల ఒక్కదానికే తోచిందనుకున్నా. కాదు. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రయన్ బేకర్ అనే ఆయన 2004లోనే దీని గురించి రాసినాడు. కంప్యూటర్ పాఠాలు చెప్తుంటే కొందరు పిల్లలు లెక్క ఆలోచించకుండా, సాయం మీట టకటకా నొక్కి జవాబు రాబట్టుకుంటారు. లేదా ఒకటి, రెండు, మూడు అని వరసగా అన్నీ కొట్టి చూస్తారు. ఈ పిల్లలు కబుర్లు చెప్పుకునే పిల్లలకంటే కూడా తక్కువ నేర్చుకుంటున్నారని ఆయన గమనించినాడు.

దానికి ఆయన తోటివాళ్ళతో కలిసి చేసిన మందు ఏమిటో చూడండి. ఒక కుక్కపిల్ల! పేరు స్కూటర్. 2006లో దాని గురించి రాసినారు. పిల్ల బుద్ధిగా ఆలోచించి చేస్తే స్కూటర్ సంతోషంగా ఉంటుంది. కిటుకులు చేస్తే మొహం మాడ్చుకుంటుంది, కోపం తెచ్చుకుంటుంది, ఎక్కడ ఎగ్గొట్టిందో సరిగ్గా ఆ పాఠంలోనే ఇంకో లెక్క ఇస్తుంది. కిటుకులు తగ్గినాయి. ఆ అదనపు లెక్కలు చేసిన పిల్లలు బాగా నేర్చుకున్నారు. కానీ ఏ పిల్లలకయితే అది కోపం చూపించిందో, వాళ్ళకు స్కూటర్ అంటే ఇష్టం పోయింది.

ఇది చదివి నేను చాలాసేపు కూర్చుండిపోయాను. మన ఇళ్ళల్లో జరిగేది ఇదే కదా. ఎముకను అడుక్కునే కుక్కపిల్లను పిల్ల ప్రేమిస్తుంది, కానీ అది ఏమీ నేర్పదు. తప్పు పట్టి ఇంకో లెక్క ఇచ్చే కుక్కపిల్ల నేర్పుతుంది, దాన్ని పిల్ల ప్రేమించదు. నాన్నమ్మ చేతిలో బెల్లంముక్క, అమ్మ చేతిలో పలక. మా ఇంట్లో ఆ రెండో పాత్ర నాది, కాబట్టి స్కూటర్ మీద నాకు కొంచెం జాలి వేసింది.

రెండూ ఒకటే చేతిలో ఉండే దారి లేదా అంటే, పాపర్ట్ తాబేలు దగ్గర ఆపిన మాట ఇక్కడికి వస్తుంది. 2009లో స్టాన్‌ఫర్డ్‌లో కేథరిన్ ఛేస్, డేనియల్ ష్వార్ట్జ్, ఇంకొందరు ఒక ప్రయోగం గురించి రాసినారు. తెరమీద బొమ్మ పాత్ర ఉంటుంది, దానికి ఏమీ రాదు. పిల్లలే దానికి పాఠం చెప్పాలి. దానికే పరీక్ష పెడతారు. తమకోసం చదువుకున్న పిల్లలకంటే, ఆ బొమ్మకు చెప్పడంకోసం చదివిన పిల్లలు ఎక్కువసేపు పుస్తకం పట్టుకున్నారంట. వెనకబడిన పిల్లలకు ఇంకా ఎక్కువ పనిచేసిందంట. అక్కడ బొమ్మకు కావలసింది ఎముక కాదు, పాఠం. సులువు లెక్కతో దాని కడుపు నిండదు.

మనలో ఈ ఆట ఆడనిది ఎవరు? వరండాలో స్తంభాలకు వరసగా పేర్లు పెట్టి, వేపబరికె పట్టుకుని టీచరమ్మ ఆట. మా స్తంభాల్లో ఒకటి ఎప్పుడూ ఫెయిలే. నాకు తొమ్మిదో ఎక్కం వచ్చింది బళ్ళో కాదు, ఆ స్తంభానికి చెప్పీ చెప్పీ.

తెలుగులో ఇట్లాంటి తోడు ఏముందని వెతికితే దొరికింది జంతువు కాదు, ఒక అమ్మాయి. 2019 మార్చిలో గూగుల్ మన దేశంలోనే బోలో అనే యాప్ మొదలుపెట్టింది. మొదట హిందీ, ఇంగ్లీషు. పిల్ల కథ పైకి చదువుతుంటే దియా అనే బొమ్మ అమ్మాయి వింటుంది, ఆగిన మాట దగ్గర అందిస్తుంది, బాగా చదివితే చుక్కలిస్తుంది. 2020 మేలో రీడ్ అలాంగ్ అని పేరు మార్చి ప్రపంచానికంతా వదిలినప్పుడు తొమ్మిది భాషల్లో తెలుగు కూడా ఉంది. కరోనాకు బడులు మూసిన రోజులు అవి. దియా అలగదు, చిక్కిపోదు. వారం తర్వాత వచ్చినా నవ్వుతుంది. అందుకే మా పాప రెండు రోజులు చదివి వదిలేసిందేమో! ఏడ్చే కుక్కపిల్ల ముందు నవ్వే అక్క నిలవలేకపోయింది.

ఆ తర్వాత 2022 డిసెంబర్ 21నించి మన ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతివాళ్ళకు పాఠాలతో ట్యాబులు ఇచ్చినారు. చిన్న తరగతులవాళ్ళకు మాత్రం నాన్న ఫోనే ట్యాబు. అందులో ఏ జంతువు ఉందో, అది ఏం అడుగుతుందో చూసేది ఎవరు? వంట చేసుకుంటూ మనమే.

నేను ఒకటి చేసి చూశాను. పాప బడికి పోయినాక ఫోన్ సెట్టింగుల్లో తారీఖు నాలుగు రోజులు ముందుకు జరిపి యాప్ తెరిచాను. పొద్దున బొద్దుగా ఉన్న కుక్కపిల్ల ఖాళీ గిన్నె పక్కన, కళ్ళ కింద నీలం చుక్కలతో పడుకుని ఉంది. తారీఖు వెనక్కి జరిపాను. తోక ఊపింది. 1996 నాటి గుడ్డులో గడియారమే, ఇప్పటికీ.

సాయంత్రం పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అదే చేసి చూపించాను. చెప్పాలా వద్దా అని తోడికోడలికీ నాకూ కాసేపు వాదులాట అయింది. "పసిపిల్ల, ఎందుకక్కా దాని సంబరం చెడగొట్టేది?" అని తను. "మొన్న రాత్రి అన్నం మానేసింది సంబరమా?" అని నేను. చివరికి చూపించాము. పాప తారీఖు తనే రెండుసార్లు ముందుకీ వెనక్కీ జరిపి చూసింది. ఏడవలేదు.

"అంటే దానికి ఆకలి కాదా పెద్దమ్మా? ఫోనుకి తారీఖు తెలుసు, అంతేనా?"

"అంతే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనే అడిగాను, "దానికి ఎముకలు పెట్టినావు గానీ ఎప్పుడయినా కూడిక చెప్పినావా? ఎనిమిదీ ఏడూ దానికి వచ్చా?" అని. "దానికేం వచ్చు, కుక్కపిల్ల" అనింది. ఫోన్ గోడకు ఆనించి నిలబెట్టి, పలక తెచ్చి, ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది. ఎనిమిది గీతలు గీసింది, ఏడు గీతలు గీసింది, వేలు పెట్టి లెక్కపెట్టి పద్నాలుగు అని చెప్పింది. కుక్కపిల్ల తోక ఊపింది. దానికి ఏది చెప్పినా ఊపుతుంది.

పాప దానివైపు అనుమానంగా చూసి, మళ్ళీ మొదటినించి లెక్కపెట్టుకుంది.